ఆ పనికి డబ్బు ఎవరిస్తారు? ఎయిర్ ఇండియా చరిత్రపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. పిలిచిన గ్రంథాలయం వారికి, వర్షంలో కూడా వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు.

ఎయిర్ ఇండియా గురించి మాట్లాడమన్నారు. తొంభై ఏళ్లు దాటిన చరిత్ర అది. మొత్తం ఒక్క సాయంత్రంలో చెప్పలేం. అందుకని ఒక్క ప్రశ్న పట్టుకుని నడుస్తాను. ఈ సంస్థ గురించి మన దగ్గర రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. ప్రభుత్వం చేతిలో పడింది కాబట్టే నాశనమైందని కొందరంటారు. ప్రభుత్వం చేజేతులా అమ్ముకుందని ఇంకొందరంటారు. ఈ రెంటితోనూ నాకు పేచీ ఉంది. ప్రభుత్వం చేతిలోకి వెళ్లాక మొదటి పాతికేళ్లూ ఆ సంస్థ ప్రపంచంలో మంచి పేరున్న విమాన సంస్థల్లో ఒకటి. కాబట్టి యజమాని ఎవరన్న దానితోనే అంతా తేలదు. ఆ సంస్థతో దేశం ఏ పని చేయించుకుంటోంది, ఆ పనికి డబ్బు ఎవరిస్తారు? ఈ రెండూ స్పష్టంగా రాసుకున్నంత కాలం అది బాగుంది. రాసుకోవడం మానేశాక చెడింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మొదలు కరాచీలో. అప్పట్లో లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం ఉత్తరాలను కరాచీ దాకా తెచ్చేది. అక్కణ్ణుంచి బొంబాయికి, మద్రాసుకు రైల్లో పోవాల్సిందే. నెవిల్ విన్సెంట్ అనే బ్రిటిష్ పైలట్, జేఆర్‌డీ టాటా కలిసి ఆ ఉత్తరాలను విమానంలో తెస్తామని ప్రభుత్వాన్ని అడిగారు. సబ్సిడీ ఇమ్మన్నారు, ప్రభుత్వం ఇవ్వనంది. అయితే సబ్సిడీ వద్దు, మోసిన ఉత్తరాల బరువును బట్టి ఇవ్వండి చాలు అన్నారు. ఒప్పందం కుదిరింది. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ ఒక చిన్న పుస్ మాత్ విమానాన్ని కరాచీలో లేపి, అహ్మదాబాద్‌లో దిగి, బొంబాయి జుహూలో దించారు. దేశంలో మొదటి పైలట్ లైసెన్సు ఆయనదే, 1929లో తీసుకున్నారు. బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు విన్సెంట్ తీసుకెళ్లారు. టాటాలు పెట్టిన పెట్టుబడి 2 లక్షల రూపాయలు. ఈ తపాలా సర్వీసే తర్వాత ఎయిర్ ఇండియా అయింది.

అహ్మదాబాద్‌లో ఆ విమానానికి పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. జుహూ అంటే సముద్రం పక్కన బురద నేల, వానాకాలం మునిగిపోయేది. అందుకని ఆ నాలుగు నెలలూ విమానాలను పుణెకు మార్చేవాళ్లు. పైలట్‌కు రేడియో లేదు, దారి చూపే సాధనాలు లేవు. కింద రైలు పట్టాలు, నదులు చూసుకుంటూ పోవడమే. ఇంత కష్టంలోనూ మొదటి ఏడాది 1,60,000 మైళ్లు తిరిగి, 155 మంది ప్రయాణికులను, దాదాపు పది టన్నుల ఉత్తరాలను మోసి 60,000 రూపాయల లాభం చూపించారు. ఎంత బరువుకు ఎంత అన్నది ముందే రాసుకున్నారు కాబట్టి, ఎంత ఖర్చు పెట్టొచ్చో వాళ్లకు తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

కొన్నాళ్లకు ఈ దారి బళ్లారి బదులు హైదరాబాద్ మీదుగా మారింది. అలా మన ఊరు దేశపు తొలి విమాన మార్గంలోకి వచ్చేసింది.

హైదరాబాద్ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఏమీ అనుకోకండి. ఈ ముక్క చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది, నాకది నచ్చదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో, నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి డక్కన్ ఎయిర్‌వేస్ అని ఒక సంస్థ పెట్టారు. బేగంపేట దాని ఇల్లు. యుద్ధంలో అమెరికా సైన్యం వాడి వదిలేసిన డకోటా విమానాలు చవగ్గా దొరుకుతున్న రోజులవి. వాటితో మద్రాసుకు, బెంగుళూరుకు, నాగపూర్ మీదుగా ఢిల్లీకి నడిపారు. ఒక సంస్థానం తన సొంత విమాన సర్వీసులో వాటా పెట్టడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆ డక్కన్ ఎయిర్‌వేస్‌లోనే ప్రేమ్ మాథుర్ ఉద్యోగం చేశారు. కమర్షియల్ లైసెన్సు తీసుకున్న తొలి భారతీయ మహిళా పైలట్ ఆవిడ. అలహాబాద్‌లో ఎగరడం నేర్చుకున్నారు. వరసగా కంపెనీలన్నీ ఆడపిల్లకు ఉద్యోగమా అని తిప్పి పంపితే హైదరాబాద్ కంపెనీ తీసుకుంది. 1949లో జాతీయ ఎయిర్ రేస్ గెలిచారు. బేగంపేట పాత టెర్మినల్ దగ్గర ఆవిడ పేరు మీద ఒక చిన్న ఫలకం అయినా ఉంటే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అదే 1949లో ఇంకొకటి మొదలైంది, రాత్రి తపాలా విమానాలు. రఫీ అహ్మద్ కిద్వాయ్ కమ్యూనికేషన్ల మంత్రిగా ఉన్నప్పటి ఆలోచన. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి నాలుగు విమానాలు చీకటి పడ్డాక బయల్దేరి, అర్ధరాత్రికి నాగపూర్‌లో కలుస్తాయి. అక్కడ సంచులు మార్చుకుంటాయి. ఢిల్లీ సంచి మద్రాసు విమానంలోకి, కలకత్తా సంచి బొంబాయి విమానంలోకి. తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్లు తిరిగి వెళ్తారు. ఇవాళ పెద్ద పెద్ద కొరియర్ కంపెనీలు చేస్తున్నది సరిగ్గా ఇదే పద్ధతి. మన దగ్గర డకోటాలతో, రన్‌వే పక్కన దీపాలతో అప్పుడే చేశారు. దీన్ని మొదట ప్రైవేటు సంస్థలు నడిపాయి, తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపింది.

మరి అంత బాగా నడుస్తుంటే జాతీయం ఎందుకు చేశారని అడగొచ్చు. బాగా నడవలేదు. డకోటాలు చవగ్గా దొరికాయి కదా అని అవసరానికి మించి లైసెన్సులు ఇచ్చారు. ఎక్కే జనం తక్కువ, విమానాలు ఎక్కువ. ఒకరితో ఒకరు పోటీపడి అందరూ నష్టాల్లో పడ్డారు. 1953లో నెహ్రూ ప్రభుత్వం ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం తెచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1న డక్కన్ ఎయిర్‌వేస్, భారత్ ఎయిర్‌వేస్, బిజూ పట్నాయక్ గారి కళింగ ఎయిర్‌లైన్స్‌తో కలిపి ఎనిమిది సంస్థలు ఒకటై ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. చేతికి వచ్చినవి 99 విమానాలు, అందులో 74 డకోటాలే. విదేశాలకు తిరిగే ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ విడిగా మరో కార్పొరేషన్ అయింది. దేశంలో తిరిగేది ఒకటి, దేశం దాటేది ఒకటి. ఈ విడదీత యాభై ఏళ్లకు పైగా నిలిచింది.

జేఆర్‌డీ జాతీయం చేయడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. నష్టపరిహారం లెక్క కట్టిన తీరు కూడా ఆయనకు నచ్చలేదు. కానీ నెహ్రూ అడిగితే ఎయిర్ ఇండియా చైర్మన్‌గా ఉండటానికి ఒప్పుకున్నారు. ఒక్క రూపాయి జీతం లేకుండా 1978 దాకా ఆ పని చేశారు. ఎక్కిన ప్రతి విమానంలోనూ కర్టెన్లు ఎలా ఉన్నాయి, టీ ఎలా ఉంది, సీటు ఎంతవరకు వాలుతోంది అని రాసుకుని అధికారులకు నోట్లు పంపేవారు. అది అతి అని కొందరంటారు. నేను అనను. విమాన సంస్థ అనేది ఇలాంటి చిన్న పనులు కొన్ని వేలు కలిస్తే నడిచేది.

1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టలేషన్ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్ వెళ్లింది. అప్పటికే ప్రభుత్వానికి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌లో 49 శాతం వాటా ఉంది. 1960లో మొదటి బోయింగ్ 707 వచ్చింది. ఆసియాలో జెట్ విమానం నడిపిన మొదటి సంస్థ అదే. అదే ఏడాది న్యూయార్క్‌కు సర్వీసు మొదలైంది. 1962కి ఫ్యాన్ల విమానాలన్నీ తీసేసి, ప్రపంచంలోనే పూర్తిగా జెట్లతో నడిచే తొలి సంస్థ అయింది. 1971లో జంబో జెట్లు వచ్చాయి. వాటికి చక్రవర్తుల పేర్లు పెట్టారు. అశోకుడు, అక్బర్, రాజేంద్ర చోళుడు ఉన్నట్టే మన శ్రీకృష్ణదేవరాయల పేరు మీద కూడా ఒక 747 ఎగిరింది. బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి 1946లో సంస్థ గుర్తుగా తయారుచేసిన మహారాజా బొమ్మ సంగతి మీకందరికీ తెలుసు.

ఇందులో ఎక్కువభాగం ప్రభుత్వ సంస్థగా ఉండగానే జరిగింది. ఎలా? అప్పుడు ఎయిర్ ఇండియా చేతిలో చిన్న జట్టు విమానాలు, లెక్క తేలిన మార్గాలు, జోక్యం చేసుకోవాలంటే మంత్రులు కూడా ఆలోచించే చైర్మన్. పోటీ కూడా తక్కువ, అది ఒప్పుకోవాలి.

(సభలో ఒక విద్యార్థిని: సార్, అంత బాగా చేస్తుంటే మరి జేఆర్‌డీని ఎందుకు తీసేశారు?)

మంచి ప్రశ్న అమ్మా. 1978 జనవరి 1న ఎంపరర్ అశోక అనే జంబో జెట్ బొంబాయి నుంచి లేచిన కొద్ది నిమిషాల్లోనే బాంద్రా దగ్గర సముద్రంలో కూలింది. 213 మంది పోయారు. ఆ మరుసటి నెలలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఆయన్ని తప్పించి, మాజీ ఎయిర్ చీఫ్ మార్షల్ పీసీ లాల్‌ను పెట్టింది. ప్రమాదానికీ తొలగింపుకీ సంబంధం ఉందని తేల్చి చెప్పలేం. తొలగించిన తీరు మాత్రం బాగాలేదు. అధికారిక ఉత్తరం అందకముందే ఇతరుల ద్వారా ఆయనకు తెలిసింది. 1980లో ఇందిరా గాంధీ మళ్లీ బోర్డులోకి తీసుకున్నారు, చైర్మన్‌గా మాత్రం కాదు. 1982లో, 78 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ చిన్న విమానం నడుపుకుంటూ కరాచీ నుంచి బొంబాయి వచ్చారు, మొదటి సర్వీసుకు యాభై ఏళ్లయిందని.

ఇప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు చూద్దాం. దాన్ని తక్కువగా చూడటం మనకు అలవాటైపోయింది. నలభై ఏళ్లు ఈ దేశంలో విమానమంటే అదే. పైలట్లకు శిక్షణ ఇచ్చే దాని కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండేది, బోయిన్‌పల్లి దగ్గర ఫిరోజ్‌గూడలో. నేల మీదే విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్లు అక్కడే. రాజీవ్ గాంధీ కూడా రాజకీయాల్లోకి రాకముందు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలటే. 1982లో ఆయన బేగంపేటలో దిగినప్పుడు ముఖ్యమంత్రి అంజయ్య గారికి జరిగిన అవమానం తెలుగు రాజకీయాలను ఎటు తిప్పిందో ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పక్కర్లేదు.

ఆ సంస్థ మీద పడ్డ పనులేమిటో చూడండి. ఈశాన్య రాష్ట్రాలకు వెళ్లాలి, అండమాన్ వెళ్లాలి, లద్దాఖ్ వెళ్లాలి. నష్టం వస్తుందని ఆపడానికి వీల్లేదు. అది మంచి విధానమే. లేహ్‌లో ఉన్నవాళ్లూ ఈ దేశ పౌరులే, చలికాలం రోడ్లు మూసేస్తే వాళ్లకు విమానం కావాలి. నా అభ్యంతరమల్లా ఆ నష్టాన్ని ఫలానా మార్గం వల్ల ఇంత అని లెక్కగట్టి బడ్జెట్‌లోంచి ఇవ్వకపోవడం మీదే. ఢిల్లీ-బొంబాయి టికెట్లలో లాభం వస్తుంది కదా, దానితో సర్దుకోండి అన్నారు. పోటీ లేనప్పుడు సర్దుకోవచ్చు. ప్రైవేటు సంస్థలు వచ్చి ఢిల్లీ-బొంబాయి మీదే పడితే ఎక్కడ సర్దుకుంటారు?

విమాన సంస్థ డబ్బు ఎలా సంపాదిస్తుందో ఇక్కడ రెండు మాటలు చెబుతాను, లేకపోతే తర్వాత చెప్పే నష్టాలు అర్థం కావు. సాయంత్రానికి మిగిలిన టమాటాలను రైతుబజారులో సగం ధరకైనా అమ్ముకుంటారు. విమానం తలుపు మూశాక మిగిలిన సీటును ఏ ధరకూ అమ్మలేం. పైలట్ జీతం, విమానం అద్దె, ఎయిర్‌పోర్టు ఫీజు సీట్లు నిండినా ఖాళీగా ఉన్నా ఒకటే. ఇంధనానికి ఖర్చులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుంది. ఇంధనం ధర, విమానం అద్దె, స్పేర్ పార్టులు అన్నీ డాలర్ల లెక్క. టికెట్లు మాత్రం ఎక్కువ రూపాయల్లో. రూపాయి పడిపోతే ఏ తప్పూ చేయకుండానే నష్టం. అందుకే విమానం నేల మీద ఉన్న ప్రతి గంటా ఖర్చే. ఒక విమానాన్ని దింపి, జనాన్ని దించి, శుభ్రం చేసి, ఇంధనం నింపి, మళ్లీ లేపడానికి అరగంట పట్టే సంస్థకూ గంట పట్టే సంస్థకూ మధ్య తేడా ఏడాది చివర కోట్లలో కనిపిస్తుంది. ఒక స్పేర్ పార్టు కొనడానికి ఫైలు మూడు ఆఫీసులు తిరగాల్సివస్తే ఆ విమానం అన్ని రోజులూ హ్యాంగర్‌లోనే కూర్చుంటుంది. ప్రభుత్వ పద్ధతికీ విమాన వ్యాపారానికీ నిజమైన గొడవ ఇక్కడే. మనుషులు చెడ్డవాళ్లు కాదు. ఆ ఇంజినీర్లు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు.

దానికి ఒక రుజువు చెబుతాను. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ మనవాళ్లు లక్షా డెబ్బై వేల మంది దాకా ఉన్నారు. మన తెలుగు వాళ్లు, ముఖ్యంగా కడప, గోదావరి జిల్లాల వాళ్లు, ఎందరో అందులో ఉన్నారు. కువైట్‌లో విమానం దిగే పరిస్థితి లేదు. వాళ్లు బస్సుల్లో, ఇరాక్ మీదుగా, ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరాలి. చాలామంది దగ్గర పాస్‌పోర్టు లేదు, చేతిలో డబ్బు లేదు, దాచుకున్నది కువైట్ బ్యాంకుల్లో ఉండిపోయింది. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు వరసగా తిరిగాయి. దాదాపు రెండు నెలల్లో 488 ట్రిప్పులు, లక్ష మందికి పైగా మనుషులు. పౌర విమానాలతో జరిగిన అతి పెద్ద తరలింపుగా అది గిన్నిస్‌లోకి ఎక్కింది.

ఈ ట్రిప్పులు ఎలా సాధ్యమయ్యాయో ఆలోచించండి. ఒక పైలట్ ఇన్ని గంటలు దాటి నడపకూడదని నిబంధన ఉంది. అంటే అమ్మాన్ వెళ్లి వెంటనే వెనక్కి తేవాలంటే అదనపు సిబ్బంది ఉండాలి. వాళ్లను ఎక్కడో తీసేసి ఇక్కడ పెట్టాలి. ఆ తీసేసిన చోట మామూలు సర్వీసు రద్దవుతుంది, అక్కడ టికెట్ కొన్న ప్రయాణికుడు వేరే కంపెనీకి పోతాడు, మళ్లీ రాడు. వెళ్లేటప్పుడు విమానం ఖాళీగా వెళ్తుంది. దేశం కోసం చేసిన పనే, చేయాల్సిన పనే. కడపలో కొడుకు కోసం ఎదురుచూసిన తల్లికి ఆ విమానం విలువ ఏ లెక్కలకూ అందదు. కానీ సంస్థ పద్దుల్లో అది ఖర్చుగా పడుతుంది. 2020లో కరోనా సమయంలో విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చిన వందే భారత్ విమానాలు నడిపిందీ వాళ్లే, తమకు అంటుకుంటుందన్న భయం ఉన్నా. ప్రధానులు, రాష్ట్రపతులు విదేశాలకు వెళ్లినప్పుడు విమానాలు ఇచ్చిందీ వాళ్లే. ఆ వీఐపీ ప్రయాణాల బిల్లులు ప్రభుత్వ శాఖల నుంచి ఏళ్ల తరబడి వచ్చేవి కావు.

1932లో ఉత్తరాల బరువును బట్టి ఇంత అని రాసుకున్న చోటు నుంచి ఎక్కడికి వచ్చామో చూశారా?

ఇక 2000ల సంగతి. 1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం రద్దయింది, ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. 2000లో అమ్మేందుకు ఒక ప్రయత్నం జరిగింది. టాటాలు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి ముందుకొచ్చి, గొడవల మధ్య సింగపూర్ వెనక్కి తగ్గింది. అది అంతటితో ఆగింది. తర్వాత వరసగా రెండు నిర్ణయాలు జరిగాయి. నా లెక్కలో సంస్థను కుంగదీసినవి ఈ రెండే.

మొదటిది విమానాల కొనుగోలు. ఎయిర్ ఇండియా మొదట 28 విమానాలు కొనాలనుకుంది. 2004లో మళ్లీ ఆలోచించమని ప్రభుత్వం చెప్పాక అది 68 అయింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విడిగా 43 ఎయిర్‌బస్‌లు. మొత్తం 111. దాదాపు అంతా అప్పే. విమానాలు పాతబడిపోయిన మాట నిజం, కొనాల్సిన మాటా నిజం. కానీ ఇన్ని ఒకేసారి, అదీ చేతిలో సొంత డబ్బు లేకుండా? ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2011 నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే గల్ఫ్ సంస్థలకు మన ఊళ్ల నుంచి సీట్ల కోటా పెరుగుతూ పోయింది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే పిల్లలు దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా వెళ్లడం అలవాటు చేసుకున్నారు. మీలో ఎంతమంది అలా వెళ్లారో చేతులెత్తమంటే సగం సభ ఎత్తుతుంది. తప్పు మీది కాదు. హైదరాబాద్‌లో ఎక్కి ఒక్కచోట మారితే డల్లాస్‌లో దింపేవాణ్ణి వదిలి, ఢిల్లీలో టెర్మినళ్లు మారే కష్టం ఎవరు పడతారు?

రెండోది 2007 విలీనం. కాగితం మీద చూస్తే మంచి ఆలోచనే. ఒకరి దగ్గర పెద్ద బోయింగ్‌లు, దూర దేశాలు. ఇంకొకరి దగ్గర చిన్న ఎయిర్‌బస్‌లు, దేశంలోని ఊళ్లు. కలిస్తే విశాఖలో ఎక్కిన మనిషిని న్యూయార్క్ దాకా ఒకే టికెట్ మీద తీసుకెళ్లొచ్చు. జరిగింది వేరు. రెండు చోట్లా జీతాలు వేరు, సీనియారిటీ లెక్క వేరు, అలవెన్సులు వేరు, యూనియన్లు వేరు. వీటిని తేల్చకుండానే పైన బోర్డు మార్చారు. 2011 దాకా టికెట్ల మీద రెండు సంస్థల కోడ్‌లూ నడుస్తూనే ఉన్నాయి. 2011లో ఒకనాటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం సమ్మె చేశారు. 2012లో ఒకనాటి ఎయిర్ ఇండియా పైలట్లు కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ అవతలి వాళ్లకు కూడా ఇస్తున్నారని 58 రోజులు సమ్మె చేశారు. వేసవి సెలవుల సీజన్ అంతా అందులోనే పోయింది. విలీనానికి ముందు రెండు సంస్థల నష్టం కలిపి 770 కోట్లు. 2009 మార్చి నాటికి 7,200 కోట్లకు చేరింది.

తర్వాతంతా అప్పు తీర్చడానికి అప్పు. 2012లో దాదాపు 30,000 కోట్లు విడతలవారీగా ఇస్తామని ప్రభుత్వం పథకం వేసింది. ఆ డబ్బు చాలావరకు పాత అప్పులకూ వడ్డీలకే పోయింది. 2017లో అమ్మాలని కేంద్ర కేబినెట్ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పుడు పౌర విమానయాన మంత్రి మన విజయనగరం అశోక్ గజపతి రాజు గారు. 2018లో 76 శాతం వాటా అమ్మకానికి పెడితే ఒక్క బిడ్ కూడా రాలేదు. అప్పు భారం, పైగా 24 శాతం ప్రభుత్వం దగ్గరే ఉండటం. ఎవరొస్తారు?

2021లో మొత్తం వంద శాతం పెట్టారు. అప్పటికి అప్పు 61,562 కోట్లు, నష్టం రోజుకు దాదాపు 20 కోట్లు. టాటాలు 18,000 కోట్లకు తీసుకున్నారు. అందులో 15,300 కోట్లు వాళ్లు తలకెత్తుకున్న అప్పు, 2,700 కోట్లు నగదు. మిగతా అప్పు ఎక్కడికి పోయింది? ప్రభుత్వం దగ్గర ఒక వేరే సంస్థలోకి, అంటే మనందరి నెత్తి మీదకే. అమ్మేశారు, పీడ పోయింది అనేవాళ్లకు నేను ఈ ముక్క చెబుతుంటాను. లెక్కగట్టి ఇవ్వని డబ్బంతా పోగై, చివరికి ఒకేసారి జనమే కట్టారు, వడ్డీతో సహా.

2022 జనవరి 27న చేతులు మారింది. తర్వాతి సంగతులు మీరు పేపర్లలో చదివినవే, గబగబా చెబుతాను. 2023లో ఒకేసారి 470 విమానాలకు ఆర్డర్ ఇచ్చారు. 2024 నవంబర్‌లో, టాటాలు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి నడిపిన విస్తారాను కలిపేశారు, దాంతో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 25.1 శాతం వాటా వచ్చింది. 2000లో కుదరని జోడీ రెండు దశాబ్దాల తర్వాత కుదిరింది.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో డ్రీమ్‌లైనర్ లేచిన వెంటనే మెడికల్ కాలేజీ హాస్టల్ మీద కూలింది. లోపల ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్లూ పోయారు. 1985లో ఐర్లాండ్ దగ్గర బాంబుతో పేల్చేసిన కనిష్క, అందులో 329 మంది, ఆ తర్వాత ఈ సంస్థకు ఇంత పెద్ద దెబ్బ లేదు. విమానం లేచిన కొద్ది క్షణాలకే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఇంధనం ఆపే స్థానంలోకి మారాయని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకన్నది అది తేల్చలేదు. దయచేసి వాట్సాప్‌లో వచ్చే కథలు నమ్మి పైలట్లను గానీ ఇంకెవరినైనా గానీ దోషులను చేయకండి. ఆ ఇళ్లలో పిల్లలున్నారు.

(వెనక వరుస నుంచి ఒక పెద్దాయన: అయితే బాబూ, ఇప్పుడు ప్రభుత్వానికి సొంత విమాన సంస్థ లేనట్టేనా?)

ఉందండీ. అలయన్స్ ఎయిర్. ఎయిర్ ఇండియాను అమ్మినప్పుడు దాన్ని అమ్మలేదు. ఏటీఆర్ అనే చిన్న విమానాలతో చిన్న ఊళ్లకు తిరుగుతోంది. మీ ప్రశ్న వల్ల నేను మర్చిపోకుండా చెప్పాల్సిన విషయం ఒకటి వచ్చింది.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు లేచాయి. సిమ్లా-ఢిల్లీ నడిపింది అలయన్స్ ఎయిర్. అదే రోజు కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ నడిపింది మన ట్రూజెట్. ఈ పథకంలో నాకు నచ్చిందేమిటంటే లెక్క ముందే ఉంది. మొదలైనప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయల దగ్గర టికెట్, విమానంలో సగం సీట్లు ఆ ధరకే. దాని వల్ల సంస్థకు వచ్చే లోటు ఎంతో బిడ్‌లోనే రాసుకుంటారు, అది ప్రభుత్వం ఇస్తుంది, మూడేళ్ల పాటు. కడప వాళ్లకు విమానం కావాలి, దానికి ఖర్చు ఇంత, ఇచ్చేది ఫలానా వాళ్లు. ఎయిర్ ఇండియాకు అరవై ఏళ్లు ఎవరూ చేయనిది ఇదే.

అలాగని ఉడాన్ అంతా బాగుందని చెప్పను. కేటాయించిన మార్గాల్లో సగానికి పైగా మొదలే కాలేదని కాగ్ 2023లో చెప్పింది. మూడేళ్ల సాయం అయిపోగానే ఆగిపోయినవి చాలా ఉన్నాయి. ట్రూజెట్ కూడా 2022లో ఆగిపోయింది. అలయన్స్ ఎయిర్‌ది నష్టాల బాటే. అందుకే అడగాల్సినవి అడగాలి. అలయన్స్ ఎయిర్ నష్టంలో ఏ మార్గం వాటా ఎంత? ఉడాన్ సాయం ఆగాక మన కడప, కర్నూలు విమానాల సంగతేంటి? పౌర విమానయాన మంత్రి ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు, కాబట్టి ఉత్తరం తెలుగులోనే రాయొచ్చు. ఆసక్తి ఉన్న విద్యార్థులు సభ అయ్యాక ఆగండి. ఏ అంకెలు అడగాలో, సమాచార హక్కు దరఖాస్తు ఏ శాఖకు పెట్టాలో కూర్చుని రాద్దాం.